ఇంకో ఇంజను పెట్టేస్తే పోలా?

మా పెదనాన్న పొలంలో తాటాకు పాక కింద ఒక డీజిల్ ఇంజను ఉండేది. వేసవి సెలవులకి వెళ్తే మాకు అదే పెద్ద వినోదం. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తే ముందు నల్లటి పొగ, తర్వాత టక్ టక్ మని చప్పుడు, ఆ తర్వాత కాలవలోకి నీళ్లు. ఇంజను మీద ఒక రేకు. "ఏరా, ఇంగ్లీషు చదువులు చదువుతున్నావుగా, దానిమీద ఏం రాసుందో చెప్పు" అని పెదనాన్న అడిగితే చదివాను. రాజ్‌కోట్‌లో తయారైన సరుకు, అయిదు హెచ్.పి., పీటర్ టైప్. ఊళ్లో అందరూ దాన్ని పీటరు ఇంజను అనేవారు. పీటరు ఎవరంటే మా అన్నయ్య మాత్రం ఏ తడబాటూ లేకుండా "చర్చి ఫాదరు" అని చెప్పాడు. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను.

పీటరు కాదు, పెట్టర్. ఇంగ్లండులో సోమర్సెట్ జిల్లాలో యోవిల్ అని ఒక చిన్న పట్నం. అక్కడ ఆయిల్ ఇంజన్లు తయారుచేసిన కవల అన్నదమ్ముల ఇంటిపేరది. వాళ్ల కంపెనీ పేరుతో వచ్చిన ఇంజన్లకు మన దేశంలో నకళ్లు చేసి చేసి, చివరికి ఆ పేరే ఒక రకానికి పేరైపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఆ అన్నదమ్ములే యోవిల్‌లో విమానాల షెడ్డు ఒకటి మొదలుపెట్టారు. దాని పేరు వెస్ట్‌లాండ్. ఆ ఇద్దరిలో ఎర్నెస్ట్ కొడుకు టెడ్డీ పెట్టర్ ముప్పై ఏళ్లు నిండకుండానే ఒక యుద్ధవిమానం గీశాడు. పేరు వర్ల్‌విండ్. అంటే సుడిగాలి.

ఇంజన్లమ్మి పైకొచ్చిన ఇంట్లో పుట్టినవాడు గీసిన విమానం ఇంజను దగ్గరే ఆగిపోయింది. నన్ను ఈ కథలోకి లాగింది ఈ విడ్డూరమే. తర్వాత చదువుతున్నకొద్దీ, దీని గురించి విమానాల పిచ్చివాళ్లు (నేనూ వాళ్లలో ఒకణ్ణే) చెప్పుకునే మాటల్లో సగం ఒప్పుకోబుద్ధి కాలేదు.

ముందు విమానం సంగతి. 1935లో బ్రిటిష్ వైమానిక శాఖ ఎఫ్.37/35 అనే స్పెసిఫికేషన్ (ఇలాంటి విమానం కావాలని కంపెనీలకిచ్చే పట్టీ) విడుదల చేసింది. అప్పటి ఫైటర్లకి ఉన్నవి రైఫిల్ తూటాలు కాల్చే మెషీన్ గన్లు. రాబోయే బాంబర్లు లోహంతో కట్టినవి, కవచం ఉన్నవి. వాటికి ఆ తూటాలు చాలవని కొందరికి ముందే తట్టింది. అందుకని నాలుగు 20 ఎం.ఎం. కానన్లు (పేలే గుళ్లు కాల్చే పెద్ద తుపాకులు) ఉన్న ఒంటి సీటు ఫైటర్ కావాలన్నారు. 1935లో ఇలా అడగడం చిన్న సంగతి కాదు. తర్వాత యుద్ధంలో పేరు మోసిన స్పిట్‌ఫైర్ ఫైటర్ అప్పటికి ఇంకా గాల్లోకి లేవలేదు. పోటీలో సూపర్‌మెరైన్, హాకర్ లాంటి పెద్దవాళ్లుండగా, 1937లో రెండు నమూనాలు కట్టే పని వెస్ట్‌లాండ్‌కి దక్కింది.

పెట్టర్ గీసింది చూస్తే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం. రెక్కల మీద రెండు రోల్స్‌రాయిస్ పెరిగ్రిన్ ఇంజన్లు, ఒక్కోటి 885 హార్స్‌పవర్. వాటి మధ్య సన్నటి ఒళ్లు. నాలుగు కానన్లూ ముక్కులోనే, ఒకదాని పక్కన ఒకటి. రెక్కల్లో అమర్చిన తుపాకుల్ని ఇంత దూరంలో గుళ్లన్నీ ఒకచోట కలవాలని లెక్కేసి వంపు పెట్టాలి. ముక్కులో ఉంటే ఆ తలనొప్పి లేదు, ఎటు చూస్తే అటే గుండు. పైలట్ తల చుట్టూ గాజు బుడగ లాంటి కప్పు, అన్నివైపులా కనపడుతుంది. ఇంజన్లని చల్లబరిచే రేడియేటర్లని గాలికి అడ్డంగా వేలాడదీయకుండా రెక్క ముందు అంచులోనే దాచేశాడు. తోకకి ముందున్న ఒంటికి మెగ్నీషియం మిశ్రమలోహపు రేకు చుట్టాడు. పొగగొట్టాలు కూడా బయట కనపడకూడదని రెక్కలోని పెట్రోలు ట్యాంకుల మధ్యలోంచి పోనిచ్చాడు. అవును, ట్యాంకుల మధ్యలోంచే! నమూనాని నడుపుతుండగా ఒకసారి ఆ గొట్టం దెబ్బతిని, ఆ సెగకి ఎలిరాన్ని (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలకని) కదిపే కడ్డీ కాలిపోయింది. టెస్ట్ పైలట్ హెరాల్డ్ పెన్‌రోజ్ ఎలాగో కిందకి దించాడు. తర్వాత బుద్ధిగా మామూలు పొగగొట్టాలే పెట్టారు.

మొదటిసారి ఎగిరింది 1938 అక్టోబరు 11న. వేగం పదిహేను వేల అడుగుల ఎత్తులో గంటకి 360 మైళ్ల దాకా, అంటే దాదాపు 580 కిలోమీటర్లు. అప్పటి స్పిట్‌ఫైర్‌తో పోటీపడే వేగం, దానికంటే ఎంతో బరువైన దెబ్బ. 1939 మొదట్లో 200 విమానాలకి ఆర్డరిచ్చారు. ఆ తర్వాత ఇంకో 200 అన్నారు. చివరికి కట్టినవి, రెండు నమూనాలతో కలిపి, 116. రెండే రెండు స్క్వాడ్రన్లు వాటిని నడిపాయి. 1943 చివరికి అవీ పక్కకి పోయాయి. రెండో రకం, మూడో రకం అంటూ ఏవీ రాలేదు.

ఇక్కడి నుంచి అభిమానుల నిట్టూర్పులు మొదలవుతాయి. అధికారులకి కళ్లు లేవు, డబ్బు దగ్గర పీనాసితనం, బంగారం లాంటి విమానాన్ని మూలపడేశారు. దాని వెనకే ఆ ప్రశ్న: పెరిగ్రిన్ బాగోకపోతే, స్పిట్‌ఫైర్‌లో ఉన్న మెర్లిన్ ఇంజను పెట్టేస్తే పోలా?

సరే, ముందు రోల్స్‌రాయిస్ వైపు నుంచి చూద్దాం. 1939 నాటికి వాళ్ల బల్ల మీద చాలా ఇంజన్లున్నాయి. మెర్లిన్, 27 లీటర్లది. పెరిగ్రిన్, 21 లీటర్లది, పాత కెస్ట్రెల్ ఇంజనుకి చెల్లెలు లాంటిది. వల్చర్, అంటే దాదాపుగా రెండు పెరిగ్రిన్‌లని, ఒకదాన్ని తలకిందులు చేసి, ఒకే ఇరుసుకి కలిపి కట్టినట్టుండే ఇరవై నాలుగు సిలిండర్ల రాక్షసి. ఎక్స్ అని ఇంకొకటి, గ్రిఫన్ అని మరొకటి. యుద్ధం ముంచుకొస్తోంది. ఉన్న ఇంజనీర్లు లెక్కపెట్టుకోదగినంత మందే. ఈ పిల్లలందరినీ సాకే ఓపిక ఎవరికుంది? కంపెనీని నడుపుతున్న ఎర్నెస్ట్ హైవ్స్ మెర్లిన్‌నీ దాని వెనక గ్రిఫన్‌నీ పట్టుకుని తక్కినవి వదిలేయాలన్నాడు. వల్చర్ ఎటూ కనెక్టింగ్ రాడ్ల జబ్బుతో చచ్చింది. పెరిగ్రిన్ దానికి దగ్గరి చుట్టమే, పైగా దాన్ని వాడే విమానం వర్ల్‌విండ్ ఒక్కటే.

ఆ ఒక్కటే అన్న మాట దగ్గర ఆగాలి. పెరిగ్రిన్లు మొత్తం తయారైనవి 301. మెర్లిన్లు, ఫోర్డ్ వాళ్లు మాంచెస్టర్‌లోనూ ప్యాకార్డ్ వాళ్లు అమెరికాలోనూ చేసినవి కలుపుకుంటే, లక్షన్నర దాకా. మా పెదనాన్న ఇంజనుకి నాజిల్ పోతే తణుకులో గంటలో దొరికేది, ఎందుకంటే ఆ చుట్టుపక్కల ప్రతి పాక కిందా అదే ఇంజను. పక్క చేనాయన ఎవరి దగ్గరా లేని ఒక గొప్ప కంపెనీ ఇంజను కొన్నాడు. అది నిజంగా మంచిదే, చప్పుడు తక్కువ, ఆయిల్ తక్కువ తాగేది. రెండేళ్లకి పిస్టన్ రింగులు పోయాయి. ఎక్కడా దొరకలేదు. అది పాక కింద కూర్చుండిపోతే, ఆ ఏడు దాళవాకి మా ఇంజనే రెండు చేలకీ నీళ్లు పెట్టింది.

ఇంజను మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని ఎవరు సాకుతారు అన్నది ఇంకో ప్రశ్న. పెరిగ్రిన్ చెడ్డదేం కాదు. తొలిరోజుల తంటాలు ఏ ఇంజనుకైనా ఉంటాయి, మెర్లిన్‌కీ ఉన్నాయి. మెర్లిన్ తంటాలు తీర్చడానికి వందలమంది రాత్రింబవళ్లు కూర్చున్నారు. 1940లో 1,030 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజను 1942కల్లా రెండు దశల సూపర్‌చార్జర్‌తో (గాలిని నొక్కి ఇంజనులోకి తోసే పంపుతో) 1,500 దాటింది. పెరిగ్రిన్ ఎక్కడ మొదలైందో అక్కడే ఉండిపోయింది. విమానం అభివృద్ధి చెందింది అని మనం అంటామే, ఆ రోజుల్లో దాని అర్థం ముప్పాతిక భాగం ఇంజను అభివృద్ధే.

మరైతే మెర్లిన్ పెట్టేయొచ్చుగా? పెట్టర్ కూడా 1941లో ఆ ప్రతిపాదన పెట్టాడు. కానీ మెర్లిన్ పెరిగ్రిన్ కంటే పెద్దది, ఒక్కోటీ వంద కిలోలకి పైగా బరువెక్కువ. రెక్క మారాలి, ఇంజను గూళ్లు మారాలి, రేడియేటర్లు పెరగాలి, అవేమో రెక్క అంచులో అంగుళం సందు లేకుండా ఇరికించినవి. చక్రాల మీద భారం పెరుగుతుంది. అసలే ఇది ఎక్కువ వేగంతో దిగే విమానం, పొడుగాటి రన్‌వే కావాలి. ఇవన్నీ మార్చాక మిగిలేది వర్ల్‌విండ్ కాదు, దాని పోలికలున్న ఇంకో విమానం.

ఇక్కడే లాంకాస్టర్ సంగతి గుర్తుచేసుకోవాలి, ఎందుకంటే వాదనకొచ్చే ప్రతివాడూ దాన్నే చూపిస్తాడు. ఆవ్రో మాంచెస్టర్ అనే బాంబర్‌కి రెండు వల్చర్లుండేవి. వల్చర్ చెడిపోయింది. ఆవ్రో వాళ్లు రెక్క పొడిగించి నాలుగు మెర్లిన్లు తగిలించారు. 1941 జనవరిలో ఎగిరిన ఆ విమానమే లాంకాస్టర్. ఇంజను అనాథ అయినా విమానం బతికింది, చూశారా అంటారు. చూశాను. మాంచెస్టర్ పెద్ద బాంబర్, దాని ఒంట్లో చోటుంది, రెక్కకి ఇంకో ముక్క కలిపే వీలుంది. మన ఇళ్లలో పిల్లలకి స్కూలు బట్టలు కుట్టించేటప్పుడు దర్జీకి చెప్తాం కదా, లోపల మడత ఎక్కువ ఉంచు బాబూ, ఎదిగే పిల్ల అని. మాంచెస్టర్‌కి ఆ మడత ఉంది. వర్ల్‌విండ్‌ని పెట్టర్ ఒంటికి అతుక్కుపోయేలా కుట్టాడు. అంత అందంగా ఉండటానికీ అదే కారణం, విప్పి వదులు చేసే వీలు లేకపోవడానికీ అదే కారణం.

దీన్నిబట్టి తప్పు పెట్టర్‌దేనా అంటే, కొంత అవునంటాను. రెండు ఇంజన్లకీ చెరో ట్యాంకు ఇచ్చాడు. ఒక ఇంజను ఆగిపోతే దాని వైపు ట్యాంకులోని పెట్రోలు రెండో ఇంజనుకి పంపే దారి పెట్టలేదు. రెండు ఇంజన్ల విమానంలో ఆ మాత్రం గొట్టం ఒకటి పెట్టొచ్చుగా అని ఏ మెకానిక్కైనా అడుగుతాడు. గొప్ప డిజైనర్లలో కొందరు ఇంతే. పెద్ద ఊహ ముందు చిన్న అవసరం వాళ్ల కంటికి ఆనదు.

ఎత్తులో పనికిరాదన్న నింద మాత్రం నాకు అంత నమ్మకంగా లేదు. పదిహేను వేల అడుగులు దాటితే వర్ల్‌విండ్ నీరసపడిపోయేదన్నది నిజం. స్క్వాడ్రన్లలో అందరూ చెప్పిందే. తప్పంతా పెరిగ్రిన్ సూపర్‌చార్జర్ మీదకి తోసేశారు. కానీ స్పిట్‌ఫైర్ తొలి రకాల్లోని మెర్లిన్‌కి కూడా ఒకే దశ, ఒకే వేగం ఉన్న సూపర్‌చార్జరే. రెండు ఇంజన్లూ పూర్తి బలం చూపే ఎత్తుల్లో పెద్ద తేడా లేదు. మరి ఒకటి పైకెళ్లి పోట్లాడితే రెండోది ఎందుకు చతికిలబడింది? ఈమధ్య కొందరు పాత కాగితాలు తిరగేసి చెప్పేదేమిటంటే, తయారీలో పెట్టిన ప్రొపెల్లర్ రెక్కలు మరీ మందమైనవి, పల్చటి చల్లగాలిలో వాటి అంచులు ధ్వనివేగానికి దగ్గరపడి శక్తిని మింగేశాయి అని. నాకు ఈ మాట సబబుగా తోస్తుంది. ఇదే గనక నిజమైతే, ఒక రోగికి పంటినొప్పి ఉంటే గుండెజబ్బని రాసి పంపించేసినట్టయింది.

అయినా సరే, నిర్ణయం మారేదనుకోను. ప్రొపెల్లర్ మార్చినా ఇంజను అనాథే.

దీనికి తోడు 1940 వేసవి ఉండనే ఉంది. మే నెలలో బీవర్‌బ్రూక్ విమానోత్పత్తి శాఖ మంత్రి అయ్యాడు. వచ్చీరాగానే అయిదు రకాల విమానాలకే ముందు పీట అన్నాడు. స్పిట్‌ఫైర్, హరికేన్ ఫైటర్లు, వెల్లింగ్టన్, విట్లీ, బ్లెనిమ్ బాంబర్లు. వర్ల్‌విండ్ అందులో లేదు. ఫ్రాన్స్ కూలిపోతోంది, వారానికి ఎన్ని ఫైటర్లు బయటికొస్తాయన్నదే లెక్క. ఒక పైలట్ కోసం రెండు ఇంజన్లు ఖర్చుపెట్టే విమానాన్ని ఆ వేసవిలో సమర్థించగలిగే మనిషి ఎవరు? నేనక్కడ ఉన్నా అదే సంతకం పెట్టేవాణ్ణి.

అప్పుడు వర్ల్‌విండ్ ఎక్కడుంది? స్కాట్లాండ్‌లో. దాన్ని మొదట అందుకున్నది 263వ స్క్వాడ్రన్. ఆ స్క్వాడ్రన్ కథ వింటే మనసు అదోలా అయిపోతుంది. నార్వేలో పాత గ్లాడియేటర్ ఫైటర్లతో పోరాడి, చివర్లో ప్రాణాలతో మిగిలిన విమానాలని గ్లోరియస్ అనే విమానవాహక నౌక మీద దించారు. 1940 జూన్ 8న జర్మన్ యుద్ధనౌకలు గ్లోరియస్‌ని ముంచేశాయి, దానితోపాటు స్క్వాడ్రన్ కమాండర్నీ పైలట్లనీ. ఉత్తరాన మళ్లీ మొదటినుంచీ పోగుచేసి కట్టిన ఆ స్క్వాడ్రన్‌కి ఈ కొత్త విమానం ఇచ్చారు. ఇంజన్లు సతాయిస్తుంటే, చేతిలో హరికేన్లు కూడా ఉంచుకుని, 'బ్రిటన్ యుద్ధం' అని పేరుపడ్డ 1940 నాటి ఆకాశపోరంతా అక్కడే గడిపారు. దక్షిణాన ఆకాశం మండిపోతుంటే బ్రిటన్ దగ్గరున్న అతి బలమైన తుపాకుల ఫైటర్ స్కాట్లాండ్ వానలో కూర్చుంది.

దానికి మొదటి విజయం 1941 ఫిబ్రవరి 8న, ఒక జర్మన్ సీప్లేన్ మీద. ఆ విజయం సాధించిన పైలట్ కూడా అదే రోజు సముద్రంలో పోయాడు.

వర్ల్‌విండ్‌కి మిగిలిన ఆశ ఏమైనా ఉంటే, అది 1941లో వచ్చిన ఇంకో విమానం చేతిలో పోయింది. హరికేన్ టూ-సీ. ముసలి హరికేనే. కానీ రెక్కల్లో నాలుగు 20 ఎం.ఎం. కానన్లు, ముక్కులో ఒకే ఒక్క మెర్లిన్. బ్యూఫైటర్ అనే రెండు ఇంజన్ల విమానం కూడా నాలుగు కానన్లతో రాత్రిపూట రాడార్ పెట్టుకుని తిరుగుతోంది. వెనక టైఫూన్ అనే కొత్త ఫైటర్ వస్తోంది. 1935లో నాలుగు కానన్లు కావాలంటే పెట్టర్ లాంటివాడు కొత్త విమానం కనిపెట్టాల్సొచ్చింది. ఆరేళ్ల తర్వాత అదే పని పాత విమానానికి రెక్క మార్చి చేసేశారు. దీన్ని ఏ అభిమానీ పెద్దగా ప్రస్తావించడు. నా లెక్కలో ఇంజను తర్వాత దెబ్బ ఇదే.

ఉన్నవి ఉన్నన్నాళ్లూ బాగానే పనిచేశాయన్నది కూడా చెప్పాలి. అప్పటికి 137వ స్క్వాడ్రన్ కూడా తోడైంది. 1942 నుంచి రెక్కల కింద రెండు బాంబులు తగిలించి, ఇంగ్లిష్ ఛానెల్ దాటి రైళ్ల మీద, పడవల మీద, విమానాశ్రయాల మీద తక్కువ ఎత్తులో పడేవి. తక్కువ ఎత్తులో దాన్ని అందుకోవడం కష్టమే. ఒక ఇంజను పోయినా రెండోదానితో ఇల్లు చేరినవాళ్లున్నారు. ఎప్పుడూ మంచిరోజులే కాదు. 1942 ఫిబ్రవరి 12న జర్మన్ పెద్దనౌకలు ఛానెల్‌లోంచి తప్పించుకుపోతున్న రోజు, సంగతి సరిగా చెప్పకుండానే పంపిన వర్ల్‌విండ్ల మీద జర్మన్ మెసర్‌ష్మిట్ ఫైటర్లు పడ్డాయి. నాలుగు తిరిగి రాలేదు. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే. ఆగిపోయిన తయారీ, ఆగిపోయిన ఇంజను, వంద పైచిలుకు విమానాలు. వాటితోనే మూడేళ్లకి పైగా నెట్టుకొచ్చారు. ఎక్కడ ఏ విరిగిన వర్ల్‌విండ్ నుంచి ఏ భాగం పీకి ఏ దానికి పెట్టారో ఆ గ్రౌండ్ సిబ్బందికే తెలియాలి. వాళ్ల గురించి ఎవరూ నిట్టూర్చరు.

పెట్టర్ ఆ తర్వాత మెర్లిన్లు పెట్టి వెల్కిన్ అని చాలా ఎత్తులో ఎగిరే ఫైటర్ గీశాడు. అది యుద్ధంలో ఒక్కరోజు కూడా వాడకానికి రాలేదు. వెస్ట్‌లాండ్ వదిలి ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌కి వెళ్లి గీసిన కాన్‌బెర్రా బాంబర్ 1949లో ఎగిరింది. దాన్ని మన వైమానిక దళం కూడా దశాబ్దాలపాటు వాడింది. అక్కడా నిలవక ఫాలండ్‌కి వెళ్లి, యుద్ధవిమానాలు లావెక్కిపోతున్నాయని విసుక్కుంటూ ఇంకో బుల్లి విమానం గీశాడు. నాట్. మన నాటే! 1965లో, 1971లో పాకిస్తాన్ సేబర్ జెట్ల పని పట్టిందని చిన్నప్పుడు పాఠంలా చెప్పుకున్న ఆ నాట్. శ్రీనగర్ మీద పరమవీరచక్ర నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ చివరిసారి ఎగిరింది అందులోనే. పెదనాన్న పాక కింద ఇంజను మీదా, సెఖోన్ విమానం మీదా ఉన్నది ఒకే ఇంటిపేరని తెలిసిన రోజు నేను చాలాసేపు కూర్చుండిపోయాను.

బ్రిటన్ మాత్రం నాట్‌ని ఫైటర్‌గా తీసుకోలేదు. 1958లో ఏడెన్‌లో పోటీ పెట్టి హంటర్ అనే ఇంకో ఫైటర్‌ని ఎంచుకుంది. నాట్‌ని శిక్షణ విమానంగా మాత్రం వాడుకుంది. మళ్లీ అదే గొడవ. మరీ చిన్నది, బరువు మోయలేదు, లోపల మడత లేదు. పెట్టర్ ఏమీ మారలేదు. దాన్ని విప్పి కుట్టే పని బెంగుళూరులో హెచ్‌ఏఎల్ వాళ్లు నెత్తినేసుకున్నారు. రెక్కలోనే పెట్రోలు నింపే ఏర్పాటు చేసి, కంట్రోళ్లు సరిచేసి, అజీత్ అని పేరు పెట్టారు. అది 1991 దాకా ఎగిరింది. నాట్ ఇంజను ఆర్ఫియస్ అనాథ కాదు, బెంగుళూరులోనే తయారయ్యేది. ఇంగ్లండులో వర్ల్‌విండ్‌కి దొరకనిది దానికి ఇక్కడ దొరికింది. పెట్టర్ అది చూడలేదు. 1959లోనే విమానాలకి పూర్తిగా దండంపెట్టి, కుటుంబంతో స్విట్జర్లాండ్ వెళ్లి ఒక మత సమాజంలో చేరిపోయాడు. 1968లో పోయాడు.

వర్ల్‌విండ్ ఒక్కటి కూడా పూర్తిగా మిగల్లేదు. వెస్ట్‌లాండ్ తన సొంత వాడకానికి ఉంచుకున్న చివరిదాన్ని కూడా యుద్ధం అయ్యాక తుక్కు చేసేశారు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పాకలోకి తొంగి చూశాను. కరెంటు మోటారు వచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి పీటరు ఇంజను మీద గోనెసంచులు కప్పేశారు. పెదనాన్న లేడు. అన్నయ్య సంచులు తీసి హ్యాండిల్ నాలుగుసార్లు తిప్పాడు, పలకలేదు. "గాస్కెట్ పోయింటుంది, తణుకులో దొరుకుతుందిలే" అన్నాడు. పీటరు ఎవరో చెప్పాను. నమ్మలేదు.